17 మంది క్లయింట్లు, ఒక్కరి కోసం రాసిన సాఫ్ట్‌వేర్: ఎక్కడ మొదలుపెట్టాలి?

డాక్_నాలుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది త్రీపీఎల్ కంపెనీ. వేరేవాళ్ళ సరుకు మా గోడౌన్లో పెట్టుకుని, ఆర్డరు రాగానే తీసి, ప్యాక్ చేసి పంపుతాం. నేను ఆపరేషన్స్ చూస్తాను. మొదట్లో మాకు ఉన్నది ఒక్కరే క్లయింట్. వాళ్ళ కోసం ఒక ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాడు. ఆయన ఇప్పుడు లేడు (బతికే ఉన్నాడు, ఫోనే ఎత్తడు).

అందులో సరుకుని గుర్తుపట్టేది ఐటమ్ కోడ్ ఒక్కదాంతోనే. రెండో క్లయింట్ వచ్చేసరికి ఇద్దరి దగ్గరా 1001 ఉంది. ఒకరిది షాంపూ, ఇంకొకరిది ఫోన్ కవరు. ఏం చేయాలో తోచక రెండోవాళ్ళ కోడ్లన్నిటి ముందూ ‘బి’ తగిలించాం. మూడోవాళ్ళకి ‘సి’. అలా అలా ఈ ఏడాదికి ‘క్యూ’ దాకా వచ్చాం. పెట్టె మీద బార్‌కోడ్‌లో మేం తగిలించిన అక్షరం ఉండదు కాబట్టి స్కాన్ చేస్తే సిస్టమ్ ‘ఐటమ్ లేదు’ అంటుంది, లేదా మొదటి క్లయింట్ సరుకు చూపిస్తుంది. అందుకని కుర్రాళ్ళు కోడ్ చేత్తో కొడతారు. రాత్రి రెండింటికి స్కానర్ చిన్న తెర మీద బి ఏదో డి ఏదో పోల్చుకోమనండి చూద్దాం.

స్కానర్లు విండోస్ సీఈ 6.0వి (చిన్న పరికరాల కోసం చేసిన పాత విండోస్). వాటికి సపోర్ట్ 2018 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. రెండు చెడిపోతే వాటి భాగాలు పీకి మూడోదానికి వేస్తున్నాం. నెలాఖరు బిల్లులు మా అకౌంట్స్ అమ్మాయి ఎక్సెల్లో చేస్తుంది. కొత్తగా వస్తానంటున్న క్లయింట్ ‘ఏపీఐ ఉందా’ (అంటే వాళ్ళ కంప్యూటరు మా దాంతో నేరుగా మాట్లాడే దారి ఉందా) అని మొదటి ఫోన్లోనే అడిగాడు. మా ఓనరు గారు ఉందనేశారు.

మూడు కంపెనీలు తమ గోడౌన్ సాఫ్ట్‌వేర్ డెమో ఇచ్చి వెళ్ళాయి. అన్నిట్లోనూ రంగురంగుల గ్రాఫులే. నాకు తేడా ఏమీ తెలియలేదు.

నా అనుమానాలు: అంతా ఒక్క రోజులో మార్చాలా, ఒక్కొక్క క్లయింట్‌నీ మార్చాలా? కొన్నాళ్ళు పాతదీ కొత్తదీ రెండూ నడపాలా? పాత డేటా మొత్తం తెచ్చుకోవాలా? ఈ పని చేసి బయటపడ్డవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

---

పాతకాపు

బయటపడ్డాను కానీ బాగా గీరుకుపోయి బయటపడ్డానండీ. రెండు సార్లు చేశాను. మొదటిసారి తప్పు, రెండోసారి కొంచెం తక్కువ తప్పు.

ముందు డెమో సంగతి. గ్రాఫులు చూడకండి. ఈసారి వాళ్ళు వచ్చినప్పుడు ఒక్క పని చేయించండి. ‘నిన్న 40 పెట్టెలు దింపాం, మావాడు పొరపాటున 4 అని కొట్టాడు, ఇప్పుడు సరిచేయండి’ అనండి. వాళ్ళు తెర తెరిచి, 4 చెరిపి 40 అని రాస్తే, థాంక్యూ చెప్పి పంపించేయండి. 4 అలాగే ఉండి, దాని కింద ఇంకో వరుసలో ‘+36, ఫలానావాడు, ఫలానా టైముకి, కారణం: ఎంట్రీ తప్పు’ అని వస్తే కూర్చోబెట్టి మాట్లాడండి.

ఇంత చిన్నదాని మీద ఎందుకు పట్టుబడుతున్నానంటే, సరుకు మనది కాదు. సొంత సరుకైతే నాలుగు తక్కువైనా మన నష్టం, మన ఇష్టం. ఇక్కడ ప్రతి పెట్టెకీ వేరేవాళ్ళకి లెక్క చెప్పాలి. ఆరు నెలల తర్వాత క్లయింట్ ఆడిటర్ వచ్చి ‘మార్చిలో మా 12 పెట్టెలేమయ్యాయి’ అంటే, ‘ఇవాళ స్టాకు ఇంత’ అనేది జవాబు కాదు. మీ పాత సాఫ్ట్‌వేర్ గురించి మీరు రాసింది చూస్తే అది నిల్వ మాత్రమే దాస్తున్నట్టుంది, కదలికలు (ఎప్పుడు ఎంత వచ్చింది, ఎంత పోయింది) దాయడం లేదు. మీ అసలు రోగం అదే. బి, సి, డి అక్షరాలు పైకి కనిపించే దద్దుర్లు.

రెండో పరీక్ష: ఇద్దరు క్లయింట్లకి 1001 పెట్టించి స్కాన్ చేయించండి. ‘మేం మల్టీ క్లయింటే’ అని అందరూ అంటారు. కొన్నిట్లో అది రిపోర్టులో ఫిల్టరు మాత్రమే, లోపల సరుకుని గుర్తుపట్టే కీ ఇంకా ఐటమ్ కోడే. అంటే మీ ‘బి’నే ఇంకోచోట దాచారన్నమాట.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బల్లో పెద్దది. క్రీములూ లోషన్లూ పెట్టే క్లయింట్ ఒకరున్నారు. పెట్టె మీద జీఎస్1-128 బార్‌కోడ్ (ఒకే గీతల్లో చాలా వివరాలు పట్టే రకం, ఏ వివరమో చెప్పే అంకె ముందు ఉంటుంది). అందులో 10 తర్వాత లాట్ నంబరు (ఒక విడత సరుకుకి ఇచ్చే గుర్తు), 17 తర్వాత ఎక్స్‌పైరీ తేదీ. లాట్ నంబరుకి నిర్ణీత పొడవు ఉండదు, 20 అక్షరాల వరకూ ఎంతైనా ఉండొచ్చు. కాబట్టి అది ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి వెనక కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. మా కొత్త స్కానర్ల సెట్టింగు ఆ గుర్తుని మింగేసింది. దాంతో లాట్ ‘ఎల్77’, ఎక్స్‌పైరీ ‘270600’ అని రావాల్సింది, లాట్ ‘ఎల్7717270600’, ఎక్స్‌పైరీ ఖాళీ అని వచ్చింది. తొమ్మిది రోజులు ఎవరూ చూడలేదు. స్కానర్ ‘బీప్’ అంటోంది, పచ్చ లైటు వెలుగుతోంది, ఇంకేం కావాలి అనుకున్నాం.

అది సరిచేశాక ఇంకోటి బయటపడింది. ఆ 270600లో చివరి 00 అంటే ‘తేదీ వేయలేదు, నెలాఖరు అనుకో’ అని. అంటే 2027 జూన్ 30. మా సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఆ సున్నాని నేరుగా తేదీల ఫంక్షన్‌కి ఇచ్చేశారు. దాని దృష్టిలో జూన్ సున్నా అంటే జూన్ 1కి ముందు రోజు. మే 31 అయి కూర్చుంది. ముందు ఎక్స్‌పైర్ అయ్యేది ముందు పంపాలన్న రూలు ప్రకారం, జూన్ సరుకు మే సరుకుతో కలిసిపోయింది. మీ క్లయింట్ల అసలు లేబుళ్ళు, ఒక్కొక్కరివి పది చొప్పున, చింపి తెచ్చి వాటితోనే డెమో చేయించండి. వాళ్ళు తెచ్చుకున్న నమూనా లేబుల్ ఎప్పుడూ బాగానే చదువుతుంది.

ఇక మీ అనుమానాలు.

ఒక్క రోజులో మార్చొద్దు. నా మొదటి సారి తప్పు అదే. ఒక్కొక్క క్లయింట్‌నీ మార్చండి. అందరూ చిన్న క్లయింట్‌తో మొదలుపెట్టమంటారు. నాకు నచ్చదు. చిన్నవాళ్ళకి రోజుకి ఐదు ఆర్డర్లు, అందులో ఏ తలనొప్పీ ఉండదు, ఏమీ నేర్చుకోం. మధ్యస్థంగా ఉన్నవాళ్ళని పట్టుకోండి. లాట్ నంబర్లు ఉండాలి, రిటర్నులు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళ తరఫున ఫోన్ ఎత్తే మనిషి మంచివాడై ఉండాలి.

ఒకే క్లయింట్‌కి రెండు సిస్టములూ నడపొద్దు. చేతులు జోడించి చెప్తున్నాను. రెండు చోట్లా కొట్టాల్సినవాడు అలసిపోయి ఒక చోటే కొడతాడు, ఏ చోటో ఆ రోజు వాడి మూడ్‌ని బట్టి. మూడో రోజుకి రెండూ తప్పే. గోడౌన్ మొత్తంలో రెండూ నడుస్తాయి, తప్పదు. కానీ ఒక క్లయింట్ ఒక దాంట్లోనే ఉండాలి. ఒక వరసలోని ర్యాక్‌లన్నీ ఖాళీ చేసి ఆ క్లయింట్‌కే ఇవ్వండి, పాత స్కానర్ పట్టుకుని ఎవరూ ఆ వరసలోకి రాకూడదు.

పాత డేటా తేవొద్దు. లెక్కపెట్టిన సరుకుని తెచ్చుకోండి. శుక్రవారం సాయంత్రం రిసీవింగ్ (కొత్త సరుకు దించుకోవడం) ఆపండి, చేతిలో ఉన్న ఆర్డర్లు పంపేయండి, శనివారం మనుషులు నిలబడి లెక్కపెట్టాలి, ఆ లెక్కే కొత్తదాంట్లో ఓపెనింగ్ స్టాకు. క్లయింట్ చేత ఆ లెక్క మీద సంతకం పెట్టించండి. పాతదాన్ని చదవడానికి మాత్రం తెరిచి ఉంచండి.

ఇంకో మాట, ఈ మధ్యలో ఎక్కడా ప్యాలెట్ (పెట్టెలు పేర్చే బల్ల) నంబర్లని ఎక్సెల్లోకి రానివ్వకండి. ప్యాలెట్ మీది ఎస్‌ఎస్‌సీసీ, అంటే ఆ ఒక్క ప్యాలెట్‌కే ఇచ్చే నంబరు, 18 అంకెలు. ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుంటే 15 అంకెలే గుర్తుపెట్టుకుని, మిగతా మూడింటినీ సున్నాలు చేస్తుంది. వరసగా వచ్చిన వంద ప్యాలెట్లూ ఒకే నంబరై కూర్చుంటాయి. నాకెలా తెలుసని అడక్కండి.

---

బిల్లుల_బల్ల

నేను అకౌంట్స్‌లో ఉంటాను. డాక్_నాలుగు గారూ, ఆ అమ్మాయిని డెమోలో కూర్చోబెట్టారా? పెట్టి ఉండరు. మమ్మల్ని ఎవరూ పిలవరు, నెలాఖరుకి మాత్రం గుర్తొస్తాం.

పాతకాపు గారు కదలికల గురించి చెప్పింది మా బల్ల దగ్గర ఎలా ఉంటుందో చెప్తాను. నిల్వ అద్దె రకరకాలుగా ఉంటుంది. ఒక క్లయింట్‌కి నెలని రెండు ముక్కలు చేస్తాం: 15వ తేదీలోపు వచ్చిన సరుకుకి పూర్తి నెల, తర్వాత వచ్చినదానికి సగం. ఇంకొకరికి సరుకు వచ్చిన రోజు నుంచి ముప్పై రోజులకోసారి, అంటే ఒక్కొక్క లాట్‌కీ ఒక్కొక్క గడువు. ఈ రెండోరకం చేయాలంటే ప్రతి లాట్ ఏ రోజు వచ్చిందో తెలియాలి. పాత సిస్టమ్‌లో ఒకే ఐటమ్ రెండు సార్లు వస్తే రెండూ కలిపి ఒకే అంకె చేసేసేది. ఏది ఎప్పుడు వచ్చిందో గేటు రిజిస్టరు తిరగేసి వెతికేదాన్ని.

అందుకే పాతకాపు గారి మాటకి చిన్న సవరణ. పాత డేటా వద్దనడం సరే, కానీ లెక్కపెట్టేటప్పుడు ప్రతి లాట్ పక్కనా అది వచ్చిన తేదీ మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. లేకపోతే కొత్త సిస్టమ్ సరుకంతా శనివారమే వచ్చిందనుకుంటుంది. మొదటి బిల్లుకే క్లయింట్‌తో గొడవ.

ఇక జారిపోయే పనుల గురించి. విరిగిన ప్యాలెట్ మార్చడం, ఊడిన ర్యాప్ మళ్ళీ చుట్టడం, లేబుల్ మార్చి అంటించడం, ఫొటో తీసి పంపడం. ఇవన్నీ ఒప్పందంలో డబ్బులు తీసుకోవాల్సిన పనులే. సూపర్‌వైజర్ చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాడు, చొక్కా ఉతుకుడుకి వెళ్తుంది. స్కానర్లో ఒక మీట నొక్కితే ఆ పని ఆ ప్యాలెట్ పేరున నమోదయ్యేలా ఉందా అని అడగండి. నా లెక్కలో డబ్బు దొరికేది అక్కడే.

---

కోడ్‌పురుగు

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. అసలు మార్చడమెందుకు? ఈ చర్చలో అందరూ అంబులెన్సు ఎక్కించేశారు, రోగికి ముందు ప్రథమ చికిత్స చేయొచ్చు కదా.

స్కానర్‌కీ పాత డేటాబేసుకీ మధ్య చిన్న ప్రోగ్రాము పెట్టండి. పనివాడు ముందు ప్యాలెట్‌నో ఆర్డరునో స్కాన్ చేస్తాడు, దాన్నిబట్టి క్లయింట్ ఎవరో తెలుస్తుంది. తర్వాత పెట్టె స్కాన్ చేస్తే, పట్టిక చూసి ఆ ప్రోగ్రామే ‘బి’ తగిలిస్తుంది. రెండు వారాల పని. చేత్తో కొట్టడం ఆగిపోతుంది.

ఏపీఐ కూడా అలాగే ముందు భాగంలో పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: క్లయింట్ కంప్యూటరు ఆర్డరు పంపి, జవాబు ఆలస్యమైతే మళ్ళీ పంపుతుంది. క్లయింట్ కోడూ ఆర్డరు నంబరూ కలిపి కీగా పెట్టి, రెండోసారి వచ్చినదానికి ‘ఇది ఇంతకుముందే వచ్చింది’ అని చెప్పాలి, కొత్త ఆర్డరు వేయకూడదు. ఇది లేక ఒకే టీవీ ఒకే ఇంటికి రెండు పోవడం కళ్ళారా చూశాను. పెద్ద క్లయింట్లు ఏపీఐ అడగరు, ఈడీఐ (కంపెనీల కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే నిర్ణీత పత్రాలు) అడుగుతారు: ఎక్స్12 అనే పద్ధతి అయితే ఆర్డరుకి 940, పంపాక 945, సరుకు దిగాక 944, స్టాకు సవరణకి 947. ఆ 947 చూశారా? సవరణకి విడిగా ఒక కాగితమే ఉంది. పాతకాపు గారి 4, 40ల కథ దానికోసమే. చెరిపి రాసే సాఫ్ట్‌వేర్ నుంచి 947 పుట్టదు. ఆ విషయంలో మాత్రం ఆయన మాటకి ఒప్పుకుంటాను.

---

రాత్రిషిఫ్టు

సార్లూ, నేను ఫ్లోర్ మీద ఉంటా. రెండు ముక్కలు.

కొత్త స్కానర్ వచ్చాక పాతదాంట్లో ఎన్ని మీటలు, కొత్తదాంట్లో ఎన్ని అని లెక్కపెట్టండి. మా పాతదాంట్లో పికింగ్‌కి (ఆర్డరు సరుకు ర్యాక్ నుంచి తీయడానికి) స్కాన్, స్కాన్, అంకె, ఎంటర్. కొత్త ఆండ్రాయిడ్‌లో మధ్యలో రెండు సార్లు ‘సరేనా?’ అని అడుగుతుంది. అదీ తెర మీద వేలితో నొక్కాలి, గ్లౌజుతో పడదు. కుర్రాళ్ళు కుడిచేతి గ్లౌజు వేలు కత్తిరించేసుకున్నారు. ఆ ‘సరేనా’ తీయించడానికి నాలుగు నెలలు పట్టింది.

రెండోది వైఫై. మావాళ్ళు ర్యాక్‌లు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి సిగ్నల్ చూసి బ్రహ్మాండం అన్నారు. తర్వాత ఆ ర్యాక్‌ల నిండా సీసాలు పేర్చాం. నీళ్ళలాంటి సరుకు సిగ్నల్ మింగేస్తుందట, మాకేం తెలుసు. రెండు వరసల మధ్యకి వెళ్తే స్కానర్ గుండ్రంగా తిరుగుతూ ఉండేది. సరుకు నిండుగా ఉన్నప్పుడే కొలిపించండి, కింద నేల దగ్గర కూడా కొలిపించండి. స్కానర్ పట్టుకునే చెయ్యి ఉండేది అక్కడే.

---

డాక్_నాలుగు

అందరికీ దండాలు. బిల్లుల_బల్ల గారూ, నిజమే, పిలవలేదు. నిన్న పిలిచాను. ఆ అమ్మాయి డెమో వాళ్ళని మూడు ప్రశ్నలడిగింది, మూడోదానికి వాళ్ళు ‘మా టీమ్‌తో మాట్లాడి చెప్తాం’ అన్నారు.

4, 40 పరీక్ష కూడా పెట్టాను. ఇద్దరు చెరిపి రాశారు. అందులో ఒకాయన ‘చూశారా ఎంత ఈజీయో’ అని నవ్వాడు కూడా. మూడోవాళ్ళది +36 వచ్చింది. గ్రాఫులు మాత్రం వాళ్ళవే అన్నిటికంటే నాసిరకం.

కోడ్‌పురుగు గారి మధ్య ప్రోగ్రాము ఇప్పటికి చేయిస్తున్నాం. ఆ స్కానర్లతో కుదురుతుందా?

---

కోడ్‌పురుగు

గోడౌన్ లోపలి నెట్‌వర్కులో అయితే కుదురుతుంది. బయటికి మాత్రం పంపకండి. నెట్‌లో డేటాని గుప్తంగా పంపే పద్ధతి టీఎల్‌ఎస్; అందులో 1.0, 1.1 లని 2021లోనే పక్కన పెట్టేశారు, ఇప్పటి సర్వర్లు కనీసం 1.2 అడుగుతాయి, అంత పాత పరికరాలకి అది రాదు. బయటి ప్రపంచంతో ఆ మధ్య ప్రోగ్రామే మాట్లాడాలి, స్కానర్లు కాదు.

---

పాతకాపు

మధ్య ప్రోగ్రాము మంచిదే, నేనూ ఒప్పుకుంటున్నాను. ఒక్క భయం: నొప్పి తగ్గగానే మీ ఓనరు గారు ఆపరేషన్ వాయిదా వేస్తారు. తేదీ ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంకోటి మర్చిపోయాను. ‘ఈ క్లయింట్ సరుకు రెండు వరసలకి మించి పేర్చకూడదు’, ‘వాళ్ళకి సగం ప్యాలెట్ పంపకూడదు’ లాంటి రూల్స్ మీ దగ్గర ఎక్కడున్నాయి? సాఫ్ట్‌వేర్‌లో ఉండవు. ఒకే ఒక్క మనిషి బుర్రలో ఉంటాయి. ఆయన సెలవు పెట్టే లోపు పక్కన కూర్చుని రాసుకోండి.

---

డాక్_నాలుగు (ఏడు వారాల తర్వాత)

అప్‌డేట్ ఇస్తానని ఇవ్వలేదు, క్షమించండి. ‘హెచ్’ క్లయింట్‌ని మొన్న శనివారం మార్చాం. మధ్యస్థం, లాట్లు ఉన్నాయి, వాళ్ళ మేనేజరమ్మ ఓపికగల మనిషి.

లెక్కలో పాత సిస్టమ్ ప్రకారం 612 ప్యాలెట్లు ఉండాలి, 609 దొరికాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా వెతికాం. రెండు ‘కె’ వాళ్ళ ర్యాక్‌లో ఉన్నాయి. ఒకటి మాత్రం దొరకలేదు. మేనేజరమ్మకి 611 అని ఉన్నదున్నట్టు చెప్పి సంతకం తీసుకుని, సోమవారం మొదలుపెట్టాం. బుధవారం మా రాత్రిషిఫ్టు వాళ్ళు డాక్ నాలుగు (లారీల సరుకు దించే చోటు) వెనక, విరిగిన ప్యాలెట్ల గుట్ట కింద పట్టుకున్నారు. కొత్త సిస్టమ్‌లో ‘+1, కారణం: దొరికింది’ అని వేశాం. పక్కన కారణాల జాబితాలో ‘దొరికింది’ అనే మాట లేదు, వాళ్ళకి ఫోన్ చేసి పెట్టించాల్సి వచ్చింది.

రూల్స్ రాసుకోవడం కూడా అయింది. మా పెద్ద సూపర్‌వైజర్ గారి పక్కన మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. 17 మంది క్లయింట్లకి 83 రూల్స్ వచ్చాయి. అందులో రెండు, చాలా ఏళ్ళ క్రితం వెళ్ళిపోయిన క్లయింట్‌వి. ఆయన ఇప్పటికీ ఆ మూల ర్యాక్‌లో కింది అర వాళ్ళ కోసం ఖాళీగా ఉంచుతున్నారు.